బీరువాలో ఇంటర్నెట్

స్టోర్‌కీపర్‌గా ముప్పయ్యేళ్లు మేకులకూ బోల్టులకూ కాపలా కాసిన ఆ పెద్దమనిషి, రిటైరయ్యాక కాపలా కాయడానికి ఇంకేమీ దొరక్క ఇంట్లో ఇంటర్నెట్ మీద పడ్డాడు. కొడుకు, కోడలు, తను: మూడు కంప్యూటర్లకూ ఒకటే కనెక్షన్. వైఫై పెట్టెను తన గదిలోని ఇనప బీరువాలో, ఇస్త్రీ చొక్కాల నడుమ పెట్టి తాళం వేశాడు. వైరు కోసం బీరువా వెనక తనే చిల్లు పొడిచాడు. తాళంచెవి మెడలో దారానికి వేలాడుతుంది. ఒకరు కంప్యూటర్ మూస్తేగానీ ఇంకొకరు తెరవకూడదని చట్టం చేశాడు. అది ఆయనకు మాత్రం వర్తించదు. పొద్దస్తమానం చదరంగం వీడియోలు చూస్తూ, పక్కగదిలో టకటక వినిపిస్తే చాలు, "ఎవరక్కడ నెట్టంతా లాగేస్తోంది?" అని గొంతు చించుకుంటాడు.

ఒకరోజు కోడలికి ఉద్యోగం ఇంటర్వ్యూ. ఐదు నిమిషాలకే తెరమీద మనుషులు నోళ్లు తెరుచుకుని బిగుసుకుపోయారు. ఆమె పరుగున వచ్చింది.

"మామయ్యగారూ, ఇనప బీరువాలో పెడితే సిగ్నలెలా వస్తుందండీ? ఒక్క గంట తలుపు తీసి ఉంచండి!"

"తీసి ఉంచితే వీధిలోవాళ్లంతా తోడుకుపోరూ?" అన్నాడాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఆమె ఆయన మెడలోని ఆ దారం పట్టుకుని, తాళంచెవితోపాటు ఆయన్ని కూడా బీరువా దాకా నడిపించుకెళ్లి, తలుపు బార్లా తెరిచింది. ఇంటర్వ్యూ సాఫీగా సాగింది. ఉద్యోగమూ వచ్చింది.

ఇప్పుడాయన ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ బీరువా చూపిస్తాడు. "అన్నాళ్లూ నేను తాళమేసి దాచబట్టి కాదూ, ఆ రోజు అమ్మాయికి అంత నెట్టు వచ్చింది!"