జెయింట్ వీల్ మీదినుంచి రెండు తాటిచెట్లు

నిన్న పెద్దపల్లి బస్సు కోసం నిలబడితే మా ముందునుంచి రెండు లారీలు పోయాయి. ఒకదాంట్లో ఇనుప కమ్ములు, రెండోదాంట్లో రంగు వెలిసిన తొట్లు. గోదావరిఖనిలో మూతపడిన పెద్ద జెయింట్ వీల్‌ను విప్పేశారని అప్పుడే తెలిసింది. పక్కనున్న బావకు చూపించాను. చూశాడు. "బస్సొచ్చింది, ఎక్కు" అన్నాడు.

అక్క పోయినప్పుడు కమాన్‌పూర్ వైపు బావ వాళ్ల ఊళ్లో, చర్చి వెనక సమాధి చేశాం. తర్వాత ఆ ఊరిని ఓపెన్‌కాస్టు బొగ్గుగని కోసం ఖాళీ చేయించారు. సమాధులు తవ్వి కొత్త చోటికి మార్చుకొమ్మన్నారు. "పండుకున్న మనిషిని లేపి ఇల్లు ఖాళీ చెయ్యమంటనా?" అని బావ ఒప్పుకోలేదు. దారి మూశారు. గనిమట్టి పోసిన గుట్ట అడ్డమొచ్చింది. నాకు చదువు తక్కువ, కొలతల పిచ్చి ఎక్కువ. దూరమూ ఎత్తూ లెక్కగట్టి, వీల్ పైకెక్కితే గుట్ట మీదుగా సమాధి పక్కనున్న రెండు తాటిచెట్ల తలలు కనిపించాలన్నాను.

మొదటిసారి ఎక్కేముందు బావ జేబులోని బీడీకట్ట, అగ్గిపెట్టె తీసి వీల్ నడిపే మనిషి చేతిలో పెట్టాడు. బొగ్గుగనిలో పనిచేసినన్నాళ్లూ, లోపల నిప్పు కూడదని, దిగేముందు రోజూ గేటు దగ్గర అప్పగించిన అలవాటు.

"నాకెందుకు కాక, నేను తాగ."

"నిన్నెవడు తాగమన్నడు? దాసిపెట్టు, దిగినంక తీసుకుంట."

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పైకెళ్లి తొట్టి ఆగాక బావ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూశాడు. "ఉన్నయ్ బామ్మర్ది" అన్నాడు.

తర్వాత ఆదివారం ప్రార్థన కాగానే వీల్ ఎక్కడం మామూలైంది. ముసలితనంలో ఇద్దరికీ ఇదేం సోకు అని మా ఇంటామె ఎగతాళి చేసేది. గుట్ట మాత్రం పెరుగుతూనే ఉంది.

"ఇంకెన్ని దినాలు కనవడ్తయ్?" అని ఒకసారి బావ అడిగాడు.

"వానకాలందాక."

"సరే."

ఎండలు ముదరకముందే ఒక ఆదివారం ఎక్కాం. నాకు మట్టి తప్ప ఏమీ కనిపించలేదు. బావ ఎప్పటిలాగే చెయ్యి అడ్డం పెట్టి, తొట్టి కిందికి దిగేదాకా చూశాడు.

"నీ లెక్క తప్పింది బామ్మర్ది. వానకాలందాక అంటివి."

దిగి చాయ్ తాగాం. మళ్లీ ఎక్కలేదు. రోజులు గడిస్తే దుఃఖం తగ్గుతుందంటారు. మాకు తగ్గిందో, చూసే చోటు లేక ఊరుకుందో, ఇన్నేళ్లయినా తేలలేదు.