మంత్రి ఇచ్చిన కుట్టుమిషను

మా ఆయన దగ్గుతోని పోయిన యాడాది, లక్సెట్టిపేటల పంచాయతీ సమితి ఆఫీసు ముందట మొట్టమొదటిసారి గిన్నె పట్టుకొని లైన్ల నిలవడ్డ. దిక్కులేని ఆడోళ్ళకు పాలపొడి, మక్కపిండి ఇస్తుండ్రని వాడకట్టు ఆమె చెప్తే పోయిన. అప్పటికి నాకు ఇరవై యేండ్లు. సంకల బిడ్డ. ఇంట్ల అత్త. ఆంధ్రోళ్ళు, తెలంగాణోళ్ళు ఒక్క రాష్ట్రమై నాలుగైదేండ్లయితున్న రోజులవి.

మాది మగ్గం నేసే ఇల్లు. ఆయన పోయినంక మగ్గం మీద నేను కూసుంటనన్న. మా అత్త నవ్వింది. "నువ్వు కండెలు చుట్టేదానివి, నేసేదానివా?" అన్నది. వానలు పడేసరికి మగ్గం కట్టెలు పొయ్యిల పడ్డయి. వద్దనలేకపోయిన. వండుకునేదానికి పుల్ల గూడ లేకుండె.

ఆ మక్కపిండి మాకు అలవాటు లేనిది. అంబలి కాస్తే ఒకతీరు వాసన కొట్టేది. బిడ్డ మూతి తిప్పుకుంట తాగేది. పిండి పోసే జవాను, గిన్నె తన చేతికి తగులుతదేమోనని "జర కిందికి పట్టు, కిందికి" అనేటోడు. పిండి ఎంత ఆసరయ్యిందో యాదికి లేదు గని ఆ మాట మాత్రం ఇప్పటికీ చెవులల్ల ఉన్నది.

ఒకనాడు సమితిల పెద్ద సారు వరండలకొచ్చి నిలవడ్డడు. "ఎన్నొద్దులు గిట్ల గిన్నెలు పడ్తరమ్మా? సర్కారు మీకు పని నేర్పుతది. యాడాది కుట్టుపని నేర్చుకోండ్రి. నేర్చుకున్నంక తలా ఒక మిషను మీకే ఇస్తం. హాస్టల్ పోరగాండ్ల బట్టలన్ని మీతోనే కుట్టిస్తం" అన్నడు. ఆ వెనుకనే ఇంకో మాటన్నడు. "నేర్చుకోను రానోళ్ళకు ఇగ పిండి బంద్."

మా అత్త మొదలు ఒప్పుకోలె. మొగుడు పోయినామె నడిబజార్ల మిషను తొక్కుకుంట కూసుంటదా అని రెండు పూటలు నాతోని మాట్లాడలె. మూడో పూట పొయ్యి ఎలగలె. అప్పుడు బిడ్డను తనే ఎత్తుకొని "పోయిరా" అన్నది.

బస్టాండు దగ్గర ఒక పాత బంగ్లల ఆరు మిషన్లు పెట్టిండ్రు. మేము ఆరుగురం. అందరికన్న పెద్దది నా పక్క మిషను ఆమె. మేమంత ఆమెను పెద్దక్క అనేటోళ్ళం. పెద్దక్క మొగుడు బొంబయి బట్టల మిల్లుకని పోయి, ఆడ ఇంకో సంసారం పెట్టుకున్నడు. ముగ్గురు పిల్లలు. ఎడ్లబండ్లకు గడ్డి మోసి సాదుకునేది. గట్టిగ నవ్వేది, గట్టిగ తిట్టేది.

నేర్పే టీచరమ్మది కృష్ణా జిల్లా. సన్నంగ, తెల్లచీర. "కూర్చోండమ్మా, భయపడకండి" అన్నది మొదటినాడు. పెద్దక్క నా చెవుల "మన కొలువులు తిననీకొచ్చింది, జూడు" అన్నది. నాకూ గట్లనే అనిపించింది. ఆమె మాట మాకు సినిమా మాట లెక్క ఉండేది. మా మాట ఆమెకు సగం అర్థమయ్యేది కాదు. "నాకు తెల్వది" అంటే ఏది తెల్లది అని అడిగేది. కడుపుల నవ్వు దాచుకొని చచ్చేటోళ్ళం.

మొదటి నెలంత దారం లేదు, బట్ట లేదు. కాయితం మీద గీత గీసిచ్చి, ఉత్త సూదితోని ఆ గీత మీద కుట్టుమన్నది. నా మిషను ముందుకు పొమ్మంటె వెనుకకు పోయేది. కాళ్ళు పడేటియి కావు. చేతులు చూస్తె కాళ్ళు మరిచేది, కాళ్ళు చూస్తె చేతులు మరిచేది. ఒకనాడు ఏడ్చిన. టీచరమ్మ నా వెనుక నిలవడి, నా పాదం మీద తన పాదం పెట్టి తొక్కింది. మా వాడల నా గిన్నె తాకనోళ్ళున్నరు. ఆమె పాదం నా పాదం మీద ఉన్నంతసేపు నా కుట్టు గీత తప్పలె.

ఆ నాటి నుంచి పని చేతులకొచ్చింది. లంగలు, జాకిట్లు, పోరగాండ్ల లాగులు, అంగీలు. మిగిలిన ముక్కలు అతికి నా బిడ్డకు గౌను కుట్టిన. మా అత్త దాన్ని తిప్పి తిప్పి చూసి, పక్కింటికి తీసుకపోయి చూపించొచ్చింది. ఆ యాడాది నేను సంతోషంగ ఉన్న. అందుకే దాన్ని తలుచుకుంటె ఇంత చేదనిపిస్తది.

యాడాది నిండంగనే మంత్రి వస్తుండన్నరు. షామియాన వేసిండ్రు. ఆదిలాబాద్ నుంచి పెద్ద పెద్ద ఆఫీసర్లు వచ్చిండ్రు. మా మిషన్లను తుడిచి, పూలదండలేసి వేదిక మీద పెట్టిండ్రు. ఒక్కొక్కరినీ పిలిచి, మంత్రి మా చేతిని మిషను మీద పెట్టిచ్చి ఫోటోలు దిగిండు. పెద్దక్క వంతు రాంగనే ఆమె రెండు చేతులతోని మిషనును పట్టుకొని దండం పెట్టింది. మంత్రి మైకుల అన్నడు: "ఈ అక్కచెల్లెండ్లు ఇయ్యాల్టి నుంచి ఎవ్వరి ముందు చెయ్యి చాపరు. తమ కాళ్ళ మీద తాము నిలబడ్డరు." చప్పట్లు కొట్టిండ్రు. మేము గూడ కొట్టినం.

మంత్రి జీపు మూలమలుపు తిరిగిందో లేదో, జవాన్లొచ్చి మిషన్లు ఎత్తుకపోయి బంగ్లల పెట్టి తాళమేసిండ్రు.

"ఇయి సెంటర్ మిషన్లు. ఎనుక వచ్చేటోళ్ళు నేర్చుకోవద్దా? మీయి ఎనుక వస్తయి" అన్నడు సమితి సారు.

మల్ల వారం పిండి కోసం గిన్నె పట్టుకొని పోయిన. ఆ జవానే నన్ను చూసి నవ్విండు. "ఏందక్కా మల్లొచ్చినవ్? మీరు మీ కాళ్ళ మీద నిలవడ్డరు గద!"

నిజంగనే మా ఆరుగురికి పిండి బంద్ పెట్టిండ్రు. పని నేర్చినోళ్ళకు సాయమెందుకన్నరు. పని కావాలంటె మిషను లేదు. హాస్టల్ బట్టలన్న వస్తయనుకుంటె, ఆ కుట్టు మంచిర్యాల సేటుకు పోయిందని తెలిసింది. మేము పిండికి పనికిరాలె, పనికీ పనికిరాలె.

టీచరమ్మ ఆఫీసుకు పోయి కొట్లాడింది. "వీళ్ళకు మాటిచ్చారు. నా ముందే ఇచ్చారు" అని ఆమె అరిచిన అరుపు మాకు బజారుదాక వినబడ్డది. ఆఖరికి పెద్దక్కను, నన్ను ఎంటబెట్టుకొని ఆదిలాబాద్ బయలుదేరింది. నిర్మల్ల బస్సు మారి, దుమ్ములు మింగుకుంట పొద్దుగూకే యాళ్ళకు చేరినం. ఆమెకు తెలిసిన ఒక నర్సమ్మ ఇంట్ల పండుకొని, తెల్లారి పెద్దాఫీసుకు పోయినం. నేను చిన్నప్పుడు ఉర్దూ బడిల నాలుగు జమాత్‌లు చదివిన. వరండల ముసలి చప్రాసీతోని ఉర్దూల బతిమాలితే లోపలికి పంపిండు.

లోపలున్న ఆఫీసరు మా ముచ్చట సగం వినకముందే చెయ్యెత్తిండు.

"మిషన్లు ముట్టలేదంటరేందమ్మా? ఆనాడు నేను ఆడనే ఉన్న. మంత్రిగారు మీ చేతులల్ల పెట్టంగ నా కండ్లతోని చూసిన. నువ్వు దండం గూడ పెట్టినవ్" అని పెద్దక్కను గుర్తుపట్టిండు.

పెద్దక్క కొంగు నడుముకు దోపుకొని బయటికి నడిచింది. ఆ పొద్దే బస్సెక్కి వాపస్ వచ్చినం.

మల్ల రెండొద్దులకు, పట్టపగలు, అంగడినాడు, పెద్దక్క ఒక రాయి పట్టుకొని బంగ్ల కాడికి పోయింది. జనమంత చూస్తుండంగ తాళం పగలగొట్టింది. కాళ్ళతోని తొక్కే ఇనుప చట్రం ఒక్కరితోని లేవది. పై మిషనును విప్పి, గంపల పెట్టుకొని, నెత్తికెత్తుకొని అంగడి నడుమకెల్లి ఇంటికి నడిచింది. నేను ఉప్పు కొననీకి పోయిన. నన్ను చూసి "మంత్రి ఇచ్చిన మిషను తెచ్చుకుంటున్న, చెల్లే" అని గట్టిగ అన్నది. కొందరు నవ్విండ్రు. నాకు నవ్వు రాలె. ఆమె ఎనుకనే నడిచిన.

పొయ్యి మీద ఎసరు మసిలేలోపల్నే పోలీసు జవాన్లొచ్చి ఆమెను ఠాణాకు తీసుకపోయిండ్రు.

ఠాణాకు పెద్ద, అమీన్ సాబ్ అడిగిండు, "దొంగతనం ఎందుకు చేసినవే?"

"దొంగతనమెట్లయితది సాబ్? మంత్రి నా చేతికిచ్చిండు. నేను ఆనాడు తెచ్చుకోలె, ఇయ్యాల తెచ్చుకున్న. గంతే."

"ఎవరు చూసిండ్రు?"

"ఊరంత చూసింది."

అమీన్ సాబ్ వాకిట్ల నిలవడ్డ జనం దిక్కు చూసిండు. చప్పట్లు కొట్టినోళ్ళే అందరు. ఒక్కరి పెదిమె కదల్లె. నేను ముందుకొచ్చి ఉర్దూల "నేను చూసిన సాబ్" అన్న. "అయితె నువ్వు గూడ లోపల కూసుంటవా?" అన్నడు. నా బిడ్డ యాదికొచ్చింది. అయినా "కూసుంట" అన్న. ఆయన చికాకుగ చెయ్యి ఊపి నన్ను బయటికి పంపిండు.

రెండు రాత్రులు పెద్దక్కను ఠాణాలనే ఉంచిండ్రు. పిల్లలను నేను మా ఇంటికి తెచ్చిన. మా అత్త, ఆ గొణుగుడు అత్త, ఏం గొణగకుండ వాళ్ళకు గట్క పెట్టింది. టీచరమ్మ పొద్దటి నుంచి పొద్దుగూకేదాక ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగింది. చివరికి సమితి పెద్ద సారు ఠాణాకొచ్చి కేసు లేకుండ చేస్తనన్నడు. రెండే షరతులు. మిషన్ల ముచ్చట ఇగ ఎవ్వరూ ఎత్తొద్దు. తీసుకపోయిన మిషనును ఆమెనే మోసుకొచ్చి యథాస్థానంల పెట్టాలె.

పెద్దక్క ఒప్పుకోనన్నది. టీచరమ్మ ఆమె చేతులు పట్టుకొని "పిల్లల్ని చూడమ్మా" అన్నది. చిన్నోడు ఠాణా గోడకు ఆనుకొని ఎక్కిళ్ళు పెడ్తుండు.

అదే గంప, అదే బజారు. నేను ఒకదిక్కు చెయ్యేయబోతే "వద్దు చెల్లే, నీకు అంటుతది" అన్నది. ఈసారి ఎవ్వరూ నవ్వలె. ఆమె మిషనును చట్రం మీద పెట్టి, కొంగుతోని దాని మీది దుమ్ము తుడిచి వచ్చింది. ఆ తుడుసుడు చూసి నేను బయటికొచ్చేసిన.

నెల తిరగకముందే టీచరమ్మను ఆసిఫాబాద్ అవతల అడవి పల్లెకు మార్చిండ్రు. పోయే ముందు సర్కారు హాస్టల్ వార్డెన్ను కలిసి నాకు ఆడ పని ఇప్పించింది. "కుట్టుపని కాదమ్మా. వంటమనిషికి సాయం. కానీ నెలనెలా జీతం వస్తుంది, తరవాత పర్మినెంటు చేస్తారు" అన్నది. ఎందుకో సిగ్గుపడుకుంట చెప్పింది. సిగ్గుపడాల్సింది ఆమెనా? పెద్దక్కకు గూడ అడిగిందట. ఠాణా మెట్లు ఎక్కినామె వద్దన్నడట వార్డెన్. బస్సు ఎక్కేటప్పుడు టీచరమ్మ పెద్దక్కను కావలించుకొని ఏడ్చింది. పెద్దక్క ఏడ్వలె. "మా మీద పడి నువ్వు ఖరాబయితివి, అవ్వా" అన్నది. మా దిక్కు తల్లిని అవ్వ అంటరని టీచరమ్మకు అప్పటికి తెలుసు.

సమితోళ్ళ లెక్కల నేను కుట్టుపని నేర్చి నౌకరి సంపాయించుకున్న మనిషిని. ఎవరన్న పెద్దోళ్ళొస్తే వార్డెన్ నన్ను గట్లనే చూపించేటోడు. నా పని మాత్రం వంట గంజులు తోముడు, బియ్యం ఏరుడు. ఆ జీతంతోనే నా బిడ్డ బడికి పోయింది. అది అబద్ధమంటె నాకు పాపం తగుల్తది. కని ఆ మేలు నాకు సర్కారు చేయలె. సర్కారు సాగనంపిన ఒక పరాయి జిల్లా ఆడిది చేసింది.

ఒకసారి హాస్టల్ బట్టలు తేనీకి జవానుతోని మంచిర్యాల సేటు దుకాణానికి పోయిన. వెనుక రేకుల సాయబాన్ల పెద్దక్క మిషను తొక్కుకుంట కనబడ్డది. ముందట మా హాస్టల్ అంగీల కుప్ప. సేటు అంగీకింత అని ఇస్తుండట. ఎంతని నేను అడగలె, ఆమె చెప్పలె.

"అక్కా, ఇయి మనకు రావల్సిన..." అన్న.

"గట్ల చూడకు చెల్లే" అన్నది, మిషను ఆపకుండనే. "పిల్లలు తింటుండ్రు." కొద్దిసేపయినంక మల్ల అన్నది, "ఇప్పుడు బొంబయి నుంచి వాడొచ్చినా నేను ఇంట్లకు రానియ్య." గప్పుడు కొంచెం పాత నవ్వు నవ్వింది. సేటు లోపలి నుంచి దగ్గిండు. ఆమె తల దించుకున్నది.

ఆ మరుసటి యేడే బంగ్లకు కొత్త సున్నమేసిండ్రు. కొత్తోళ్ళను చేర్చుకుంటుండ్రని డప్పు కొట్టించిండ్రు. ఒకనాడు హాస్టల్ వెనుక గంజులు తోముకుంటుంటె, చెన్నూరు దిక్కు నుంచి వచ్చిన ఒక పడుచుపిల్ల గోడ పక్కన నిలవడ్డది. నొసలు బోసిగున్నది. సంకల పాలుతాగే పిల్లగాడు.

"అక్కా, నువ్వు ఆడ నేర్చుకున్నవంట గద. నన్ను గూడ పొమ్మంటవా?"

చేతులకున్న బూడిద కడుక్కొని ఆమెను కూసోబెట్టిన. మంత్రి సంగతి, తాళం సంగతి, ఠాణా సంగతి అన్ని చెప్పిన. పిల్లగానికి ఇంత గంజి పోసిచ్చిన. "పని మంచిగ నేర్పుతరు. నేర్చుకో. కని మిషను నీ ఇంట్లకు వచ్చేదాక పిండి మాత్రం ఇడువకు" అన్న.

ఆమె కొంగుతోని పిల్లగాని మూతి తుడిచింది.

"ఇడిసిపెట్టుడు, పట్టుకునుడు నా చేతుల ఉన్నదా అక్కా?" అన్నది.

సోమవారం నుంచి ఆమె బంగ్లకు పోవుడు మొదలుపెట్టింది.