పసుపు లేని కార్డు

మొన్న ఒక పెళ్ళికార్డు ఫోన్‌లో వచ్చింది. వేలితో తాకితే తలుపుల్లా తెరుచుకుని సన్నాయి మోగింది. నాలుగు మూలలా పసుపు రాసినట్టు బొమ్మ కూడా వేశారు. మా అమ్మాయి చూసి, ఈ మరకలేంటమ్మా, తీసేయాల్సింది కదా అంది. నవ్వాను గానీ, ఆ మరకల్ని నేను తేలిగ్గా తీసుకోలేను. కార్డు మూలకి పసుపు లేకపోవడం వల్ల ఒకసారి నా ఉద్యోగం ఊడినంత పనయింది మరి.

తొంభైల చివరి మాట. మా ఇంటిపేరుతో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొట్టమొదటి మనిషిని నేనే. మాది పామర్రు దగ్గర పల్లెటూరు. అమ్మా నాన్నా ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేవారు. ఫలితాలు వచ్చిన రోజు నాన్న పేపర్లో నా నంబరు కింద గీత గీయించుకుని, దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, వారం రోజులపాటు చదువొచ్చిన ప్రతి మనిషికీ చూపించారు. ఆయనకి చదవడం రాదు. ఆదివారం గుడిలో పాస్టరు గారు నా పేరు చెప్పి స్తుతి చెల్లించారు. నెల తిరక్కుండానే బెజవాడలో ఒక పెద్ద నాయకుడి ఇంట్లో ఉద్యోగం దొరికింది. ఆ కబురు చెప్పడానికి ఇంటికి వెళ్తూ, బస్సులో పక్కసీటావిడకి కంకిపాడు దగ్గర మొదలుపెట్టి పామర్రు దాకా చెప్పాను. ఆవిడ మధ్యలో నిద్రపోయింది. నేను ఆపలేదు.

నాయకుణ్ణి అందరూ అయ్యగారు అనేవారు. ఇల్లు నడిపేది మాత్రం ఆయన భార్య, అమ్మగారు. పొద్దున ఎంతమందికి టిఫిను, వచ్చినవాళ్ళలో ఎవరిని వరండాలో కూర్చోబెట్టాలి, ఎవరిని హాల్లోకి పిలవాలి, గన్నవరం విమానానికి కారు ఎన్నింటికి బయల్దేరాలి, ఇవన్నీ ఆవిడ చెప్పేవారు, నేను చూసుకునేదాన్ని. అంతకన్నా పెద్ద పని ఉత్తరాలు. అయ్యగారు కారెక్కే ముందు పాతిక లెటర్‌హెడ్ల మీద కింద సంతకాలు చేసి ఇచ్చేవారు. పైన నింపడం నా వంతు. పెళ్ళికార్డు వస్తే ఆశీస్సులు, పెద్దకర్మ కార్డు వస్తే సంతాపం. రోజుకి గంపెడు కార్డులు వచ్చేవి. వాటిని వేరుచేసేది అమ్మగారి పిన్ని. ఆవిడకీ చదువు రాదు. కవరు మూలకి పసుపు ఉంటే పెళ్ళిదని ఇత్తడి పళ్ళెంలో, లేకపోతే పెద్దకర్మదని స్టీలు పళ్ళెంలో వేసేవారు. శిలువ గుర్తు ఉన్నవి విడిగా తీసి, ఇవి మీవాళ్ళవే అమ్మాయ్ అంటూ నా చేతికే ఇచ్చేవారు. ముస్లింల పెళ్ళికార్డులు ఎవరో ఒకరు తెచ్చి అయ్యగారి చేతికే ఇచ్చేవారు కాబట్టి వాటి గొడవ ఎప్పుడూ రాలేదు. కొత్తలో నేను కార్డులన్నీ తెరిచి చదివేదాన్ని. తర్వాత పని ఒత్తిడిలో పడి, పళ్ళేన్ని బట్టి, కవరు మీద పంపినవాళ్ళ పేరూ చిరునామా చూసి రాసేయడం అలవాటైంది.

ఒక శనివారం పొద్దున ఫోన్ పెట్టేసి అమ్మగారు నన్ను పిలిచారు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టున్న భాయి గారి కూతురికి మర్నాడే పెళ్ళి. ఇరవై ఏళ్ళుగా అయ్యగారి వెంట ఉన్న మనిషి. అయ్యగారేమో ఢిల్లీలో ఉన్నారు. ఆయన ఉత్తరం వస్తే పెళ్ళిలో మైకులో చదివిస్తానని భాయి గారు అడుగుతున్నారట. పంపావా అన్నారు. పంపానండి అన్నాను, పేరు రాసినట్టు గుర్తుండబట్టి. ఎందుకైనా మంచిదని లోపలికెళ్ళి ఉత్తరాల పుస్తకం తీశాను. భాయి గారి పేరు ఉంది. సంతాపాల పేజీలో ఉంది.

స్టీలు పళ్ళెం బోర్లించి వెతికితే మామూలు తెల్ల కవరులోంచి ఆకుపచ్చ కార్డు బయటపడింది. ఎవరో గేటు దగ్గర ఇచ్చి వెళ్ళినట్టున్నారు. బంగారు రంగు అక్షరాలు, నెలవంక, ఎక్కడా పసుపు లేదు. ఉత్తరం గురువారం పోస్టులో వేశాను, ఇవాళ చేరుతుంది. "మీ ఇంట జరిగిన తీరని నష్టానికి" అని మొదలయ్యే నా వాక్యం పెళ్ళిపందిట్లో మైకులో వినిపిస్తున్నట్టే అనిపించింది. నాన్న జేబులోని పేపరు గుర్తొచ్చింది. సంతకం చేసిన ఖాళీ లెటర్‌హెడ్ ఒకటి సంచిలో పెట్టుకుని, స్టాంపులకి వెళ్తున్నానని అమ్మగారికి అబద్ధం చెప్పి ఆటోనగర్ బస్సెక్కాను.

ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. భాయి గారు నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించి, కూల్‌డ్రింక్ తెప్పించారు. పోస్టు ఇంకా రాలేదని మాటల్లో తెలిసింది. ఏర్పాట్లు చూసి రమ్మన్నారని మరో అబద్ధం చెప్పి, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ముందుగా నేనే అందుకోవాలని నా ఆలోచన. ముప్పావుగంటకి పోస్ట్‌మాన్ వచ్చాడు. నేను లేచేలోపే భాయి గారు ఎదురెళ్ళి కవరు అందుకుని, దాని మీది ముద్ర చూసి కళ్ళకద్దుకున్నారు.

"రేపు మా తమ్ముడు చదువుతాడు. ఇన్నేళ్ళు జెండా మోశాను, ఈ మాత్రం చెప్పుకోవద్దా అమ్మా?"

"అది నాకిచ్చేయండి భాయి గారూ. అందులో పెళ్ళిమాట లేదండి."

ఆయన నా మొహంలోకి చూసి, కవరు చింపి చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు.

"ఎవరు రాశారిది?"

"నేనేనండి. కార్డు తెరవకుండా రాశాను. సంతకం ఒక్కటే అయ్యగారిది, తప్పంతా నాదే."

ఆయన పక్క కుర్చీలో కూలబడ్డారు. "మా అమ్మ పోయి ఏడాది దాటింది. మాలో దానికి కార్డులు వెయ్యరు కదా. మీ ఇంటినుంచి ఒక్క ముక్క రాలేదు. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది, ఇంకా మొయ్యి ఆయన జెండా అని." కాగితాన్ని పాత మడతల మీదే మడిచి లోపలి జేబులో పెట్టుకున్నారు. "ఇది నేను ఉంచుకుంటా. మీ పోస్టు మరీ ఆలస్యం తల్లీ."

సంచిలోంచి లెటర్‌హెడ్ తీసి, షామియానా వాళ్ళ బల్ల మీద పెళ్ళి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. పెళ్ళికూతురి పేరు ఆయన్నే అడిగి రాశాను. ఆయన వంగి చూసి, పక్కన బీకాం అని పెట్టమన్నారు. వాళ్ళ ఇంట్లో మొదటి డిగ్రీ ఆ పిల్లదేనట. ఆ రెండక్షరాలు మాత్రం గుండ్రంగా, పెద్దగా రాశాను.

ఇంటికొచ్చి అమ్మగారికి జరిగిందంతా చెప్పేశాను, రెండు అబద్ధాలతో సహా. పెట్టె సర్దుకోమంటారేమో అని నిలబడి ఉన్నాను.

"ఆ పెద్దావిడ పోయిందని నాకు తెలుసు," అన్నారు ఆవిడ. "కార్డు వస్తే రాయిద్దాంలే అనుకున్నాను. రాలేదు, మర్చిపోయాను. రేపట్నుంచి తెరిచి చూసి రాయి."

మర్నాడు ఆవిడే పెళ్ళికి వెళ్ళారు, నన్నూ తీసుకెళ్ళారు. మైకులో ఉత్తరం చదువుతున్నప్పుడు ఆవిడ పందిట్లో లేరు. లోపలి గదిలో భాయి గారి భార్య చేతులు పట్టుకుని కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

ఆ సంతాపం ఉత్తరం మీద నేను వేసిన తేదీ ఆ వారానిది. భాయి గారు మాత్రం దాన్ని ఏడాది వెనక్కి తీసుకెళ్ళి, తల్లి పోయిన రోజునే అందుకున్నారు. అయ్యగారి ఇంట్లో నేను రాసిన వేల ఉత్తరాలు వేళకే చేరి ఎక్కడెక్కడ మాసిపోయాయో గానీ, వేళ తప్పిన ఆ ఒక్కటే ఇంకా భాయి గారింట్లో భద్రంగా ఉండి ఉంటుందనిపిస్తుంది.