మా క్వార్టర్ ముందు ఊటీ లావెండర్

ఊటీ వెళ్ళిన వాళ్ళు టీపొడి తెచ్చుకుంటారు. మావారు లావెండర్ మొక్కలు తెచ్చుకున్నారు. ఆయన గూడ్సు బండి గార్డు. రైల్వే పాసు మీద వెళ్ళొచ్చాం గానీ, దారి పొడుగునా నేను కాళ్ళు చాపుకోవలసిన చోట ఆ మొక్కలే కూర్చున్నాయి. బిలాస్‌పూర్‌లో మా క్వార్టర్ గేటు నుంచి మెట్ల దాకా ఇటుకలు ఏటవాలుగా పాతి, వాటి వెంట వరసగా నాటారు. "దీనికి నీళ్ళు ఎక్కువైతే పడదమ్మా," అని అత్తగారికి మరీ మరీ చెప్పి ట్రైనింగుకి వెళ్ళిపోయారు.

మొక్కకి నీళ్ళు పొయ్యొద్దనడం మా అత్తగారి లెక్కలో పసిపిల్లకి పాలు పట్టొద్దనడమే. రెండు పూటలా పోశారు. కొన్నాళ్ళకి అన్నీ మొదలు కుళ్ళి వాలిపోయాయి.

"ఇప్పుడేటి చేస్తారత్తా?"

"ఏటి చేస్తాను, దయాల్‌బంద్ వెళ్ళొస్తాను."

ఆ పేటలో ఆవిడ స్నేహితురాలి పెరట్లో దవనం మడి ఉంది. రిక్షాలో నారు తెచ్చి, అవే ఇటుకల వెంట అదే ఎడంతో నాటేశారు. దవనం ఆకూ బూడిదరంగే, వాసనకీ లోటు లేదు. నోరు మెదపొద్దని నాకు ఆజ్ఞ.

మావారు తిరిగొచ్చి వంగి చూశారు. "అమ్మా, ఆకు చీలిందేటి?"

"ఇక్కడి నీళ్ళకి అలాగే చీలతాది."

"అచ్ఛా," అన్నారు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

శీతాకాలమంతా సెలవు దొరికినప్పుడల్లా మీసాల కత్తెరతో ఆ వరసని సాపుగా కత్తిరించేవారు. ఆ కొమ్మల్ని డ్యూటీ పెట్టెలో బట్టల మధ్య పెట్టుకునేవారు. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి నన్ను పక్కకి పిలిచారు. డ్యూటీలో పెట్టె తెరవగానే శ్రీకాకుళం డ్రైవరొకాయన, "ఏటి గురూ, దవనం మోసుకొచ్చేవు, ఏ దేవుడికి?" అన్నాడట.

"అమ్మకి చెప్పకు," అన్నారు. అలా ఇద్దరి గుట్టూ నా దగ్గరే చేరింది.

చైత్రం వచ్చింది. దేవుడికి దవనం పెట్టే నెల. అత్తగారు పొద్దున్నే పూలసజ్జ పట్టుకుని ఆ వరస దగ్గరికి వెళ్ళారు. మావారు మెట్ల మీద కూర్చునే, "అది ఇంగ్లీషు మొక్కమ్మా, పూజకి పనికిరాదు. దవనం కావాలంటే సదర్ బజార్‌లో తెస్తాను," అన్నారు, నవ్వకుండా.

గుమ్మంలో పెంచుకుని బజార్లో కొనడమంటే ఆవిడకి ప్రాణం ఒప్పలేదు. కాసేపు సజ్జని అటూ ఇటూ మార్చుకున్నారు.

"ఇది దవనమేరా. నీ మొక్కలు ఎప్పుడో చచ్చిపోనాయి."

"నాకు తెలుసమ్మా."

"తెలిసీ ఇన్నాళ్ళు కత్తిరిస్తన్నావేటి?"

"నువ్వు ఎందాకా లాగుతావో చూద్దామని."

సజ్జతో ఆయన వీపు మీద ఒకటి వేసి, నావైపు తిరిగారు. "నువ్వూ వాడి జట్టేనా?" ఇద్దరి జట్టులోనూ ఉన్నదాన్ని, సజ్జ అందుకుని దవనం తుంచడం మొదలుపెట్టాను.

అప్పటికే మా లావెండర్ పేరు కాలనీ అంతా పాకింది. ఆ సాయంత్రమే పక్క క్వార్టర్ బెంగాలీ ఆవిడ వచ్చి రెండు కొమ్మలడిగింది. మావారూ నేనూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. అత్తగారు మాత్రం తడుముకోకుండా కొమ్మలు తుంచి ఆవిడ చేతిలో పెట్టారు.

"లే లో బహెన్‌జీ. అసలీ ఊటీ కా హై."