సర్పంచి గారి షేరాటో

మా ఆవిడ కళింగపట్నం దగ్గర ఒక చిన్న ఊరికి సర్పంచి. మండలాఫీసు మీటింగుకు కారు మాట్లాడుకుని ఆ ఖర్చు పంచాయతీకి రాసేయొచ్చని ఎందరు చెప్పినా వినదు. ఎప్పుడూ షేరాటోలోనే వెళ్తుంది.

ఈ రోజు పొద్దుటి నుంచి ముసురు. మధ్యాహ్నానికి వచ్చేయాల్సిన మనిషి మూడు దాటినా రాలేదు. ఫోను స్విచ్ఛాఫ్. అంతలో చేపలమ్ముకుని తిరిగొచ్చిన పక్కింటి పెద్దమ్మ, "కల్వర్టు కాడ ఆటో బోల్తా పడిపోనాదంట నాయనా, ఆడోళ్లున్నారంట" అంది.

వెంటనే బయల్దేరబోయాను. నా బండి చూస్తే మెకానిక్కు దగ్గరుంది. వీధిలో పంచాయతీ చెత్త ట్రాక్టరు కనిపిస్తే డ్రైవరును బతిమాలి ఎక్కేశాను. కళ్లు మూస్తే ఏం కనిపిస్తుందోనని దారంతా రెప్ప వేయలేదు.

కల్వర్టు కింద ఆటో ఒరిగి ఉంది. బురదలో ఒక ఆడమనిషి చెప్పు. పేరు పెట్టి అరిచాను. గట్టు మీద ఒక ముసలమ్మకు నీళ్లు తాగిస్తున్న మనిషి తలెత్తింది. మా ఆవిడే. మోచేతికి చుట్టుకున్న కొంగు నెత్తురుతో తడిసింది.

"ఏటి బావా, పంచాయితీ ట్రాక్టరేసుకొచ్చినావా? డీజిలెవులు పోస్తారు?"

"నువ్వు బతికున్నావో లేదోనని వచ్చినానే!"

"బతికే ఉన్నాను కదా. డీజిలు నువ్వే పొయ్యి."

పోయించాను. ఆవిడకు నాలుగు కుట్లు పడ్డాయి, మిగతావాళ్లకు గీరుకుపోయిన దెబ్బలే. ఎల్లుండి మళ్లీ మీటింగట, ఆటోలోనే వెళ్తుందట. ఇలాంటి మనిషితో కాపురం చేసేవాళ్లు ఇంకెవరైనా ఉంటే, గుండె ఎలా చిక్కబట్టుకుంటున్నారో కాస్త చెప్పండి.