సముద్రం పక్క అంగట్ల మా బాపమ్మ పట్టుకున్న జాగ

మా చిన్నప్పుడు... ఒక శనివారం తెల్లారంగనే బాపమ్మ నా దుప్పటి గుంజి పారేసింది. "లే బిడ్డా! అంగడి నిండకముందే పోయి జాగ పట్టుకోవాలె."

నిద్రమబ్బుల కోరుట్లలనే ఉన్నమనుకున్న... కిటికీలకెల్లి చూస్తే ఐర్లాండ్!

అప్పుడు నాకు పదేండ్లు. నాయిన దుబాయ్‌ల, నేను కోరుట్లల బాపమ్మ కాడ. అమ్మ నర్సు. ఐర్లాండ్‌ల సముద్రం ఒడ్డుకు దగ్గర ఒక చిన్న అంగడి ఊరుంటది, ఆ ఊళ్లె ముసలోళ్లను చూసుకునే ఆశ్రమంల ఆమెకు నౌకరి. ఆమె ఆ దేశం పోయిన మూడేండ్లకు, ఆ ఎండకాలం సెలవులకు బాపమ్మ, నేను అమ్మ దగ్గరికి పోయినం.

నాకు పండుగే. బాపమ్మకు మాత్రం జైలు...

ముప్పై ఏండ్లు మా కోరుట్ల దగ్గరి రాయికల్ అంగట్ల మిరపకాయలమ్మిన మనిషామె. అసొంటామెను పట్టుకుని అమ్మ, "అత్తా, బయటికి పోకు. భాష రాదు, ఎవలన్న ఏమన్నంటరు" అని చెప్పి డ్యూటీకి పోయేది. బాపమ్మ అమ్మ పాత చీరెలు తీసి, పొరలు పొరలు పేర్చి, పదిహేను రోజులు ఒక బొంత కుట్టింది. అది అయిపోయిన రోజు సూది పక్కకువెట్టి అమ్మతోని అన్నది...

"నేనీడ ఎవలికీ పనికిరాను. టికెట్ ముందలికి జరిపించు పిల్లా, పోత."

ఆమె పోతే నేను గూడ పోవాలె! అమ్మ డ్యూటీకి పోతే నన్ను చూసేటోళ్లు లేరు మరి. మూడేండ్లు ఫోన్ల చూసిన అమ్మ, మల్లా ఫోన్లకే పోతదా... అమ్మ గూడ "సోమవారం టికెటోళ్లను అడుగుత" అన్నది. ఆ రాత్రంత నాకు ఏడుపే.

గసొంటప్పుడు వచ్చింది ఆ శనివారం. అమ్మ ఇంకా నైట్ డ్యూటీ నుంచి రాలే. బాపమ్మ బొంతను సంకల వెట్టుకుంది, నేను వెనుకనే ఉరికిన. ఊరి నడుమ పెద్ద మైదానం... గుడారాలు, చాపలు, ఆలుగడ్డలు, ఉప్పు గాలి, నెత్తి మీద అరుసుకుంట తెల్లటి సముద్రం పిట్టలు. ఒక ఖాళీ జాగ చూసి బాపమ్మ నేల మీద పాత చీరె పరిచి, బొంత వెట్టి, కాళ్లు మడిచి కూసుంది. మా తాన రివాజు అదే గదా... పొద్దుగాల ఎవలు ముందు పరిస్తే ఆ జాగ వాళ్లదే!

పది నిమిషాలల్ల పచ్చ జాకెట్ వేసుకున్న ఒకాయన కాగితాలు పట్టుకుని వచ్చిండు.

"ఏందట?" అన్నది బాపమ్మ.

"ఈ జాగ వేరేటోళ్లు ముందే రాయించుకున్నరట..." అని తెలుగుల చెప్పిన.

"తైబజార్ పైసలు వసూలు చేసేటోడా? గట్ల చెప్పక!" నడుముకున్న పైసల చెంచి విప్పి పది రూపాయల నోటు తీసి ఆయన చేతిల వెట్టింది! చుట్టూ అందరు నవ్విండ్రు. నాకు సిగ్గుతోని చెవులు కాలినయి. "పోదాం పా" అని ఆమె చెయ్యి గుంజిన. రాస్తుంటే ఇప్పుడు గూడ నా మీద నాకే కోపమొస్తది.

"నువ్వు పో. నేను లేవ."

అప్పుడు పక్కన గుడ్లమ్ముకునే ముసలామె వచ్చింది. వంగి బొంత తీసింది, తిరగేసింది... వెనుక దిక్కు కుట్టు చూసింది. పైన అందరు చూస్తరు, వెనుక చూసేది కుట్టొచ్చినామె ఒక్కతే!

ఆమె పచ్చ జాకెటాయనను ఏదో గద్దించింది. తన బల్ల మీద గుడ్ల ట్రేలు ఒక పక్కకు జరిపి, సగం జాగ చేతితోని చూపించింది. ఆయన కాగితాలు మడుసుకుని పోయిండు.

ఇగ బేరం షురువైంది. గుడ్లామె ఒక ట్రే చూపెట్టింది.

"గీ గుడ్లకా? పదిహేను రోజులు కుట్టిన తల్లీ! కండ్లు పోయినయి నాయి!"

రెండు ట్రేలు... బాపమ్మ మొఖం అటు తిప్పుకుంది. ఆఖరికి ఆమె తను అల్లుకున్న ఉన్ని స్వెటర్ ఇడిసి గుడ్ల మీద వెట్టింది. తర్వాత అరచేతిల ఉమ్మి చెయ్యి చాపింది!

"థూ! ఏం మనిషివే నువ్వు!"

ఒక తాత నవ్వుకుంట చెప్పిండు... వాళ్ల పాత రివాజట, బేరం కుదిరినట్టట. నేను తెలుగుల చెప్పంగనే బాపమ్మ కండ్లు మెరిసినయి. "ఓహో, మన పశువుల అంగట్ల చెయ్యిల చెయ్యి కొట్టినట్టు!" తను గూడ ఉమ్మి ఫట్టున కొట్టింది చూడుండ్రి... అంగడంత చప్పట్లు!

గప్పుడే, ఇంట్ల మేం కనవడక, అమ్మ డ్యూటీ బట్టలతోనే ఉరికొచ్చింది. "అత్తా! నా ఇజ్జత్ తీసినవ్ గదా!"

బాపమ్మ మోకాళ్ల దాక వేలాడే స్వెటర్ల నిలవడి అన్నది... "నీ ఇజ్జత్ ఏడికి పోలే. ఇంటికి పోయినంక ఇంకో నాలుగు పాత చీరెలు తియ్యి. వచ్చే శనివారం ఈ అక్క నా కోసం సూస్తది."

బాపమ్మ టికెట్ మాట మల్ల ఎత్తలే. సెలవులు అయిపోయేదాక అమ్మ పక్కల్నే పన్న నేను... గెలిచినం!

పెద్దయినంక ఎన్నో కరపత్రాలు చదివిన. శ్రమ గౌరవం, ఆత్మగౌరవం అని పెద్ద పెద్ద అక్షరాలు... ఏ కాగితం చదివినా నాకు కనవడేది నేల మీద మడిచిన ఆ రెండు కాళ్లే. అడుక్కుంటే జాగ దొరకది. కూసోవాలె!

ఇయ్యాల కోరుట్లల ఫోన్ల ఒత్తితే మిరపకాయలు గడపకొస్తున్నయి. తెచ్చినోడు పేరు అడుగడు, ఓటీపీ అడుగుతడు... మనం గూడ వాని పేరు అడుగం. ఇన్నేండ్లు ఎండల కూసుని మనకు తిండి అమ్మినోళ్లను "ఓ మిరపకాయలామె" అనే పిలిచినం గదా...

మీ ఇంట్ల, మీ వాడల, అంగట్ల కూసున్న ఆడోళ్ల పేర్లు కింద రాయుండ్రి. నేను మొదలువెడుతున్న...

మా బాపమ్మ పేరు లచ్చవ్వ.