పటేలు గారి ఎడతెగని భోజనం

మెడలో ఐడీ కార్డు కొత్తగా వేలాడే రోజుల్లో మనిషికి లోకంలో తనకు తెలియనిది లేదనిపిస్తుంది. నాకు ఆ జబ్బు కాస్త ఎక్కువగానే ఉండేది. పోషకాహారం మీద చదువు ముగించుకొని, జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా కొత్తగా చేరాను. ఎవరి పళ్లెం చూసినా అన్నంలో ఎన్ని క్యాలరీలు, పప్పులో ఎంత ప్రొటీను అని అడగకుండానే చెప్పేదాన్ని. (హాస్టల్లో నా పక్కన కూర్చొని తినేవాళ్లు రానురాను తగ్గిపోయారు. పాపం, వాళ్లకు ఆకలి మందగించిందేమో అనుకున్నాను.) పుట్టిపెరిగింది సిరిసిల్లలో, ఇంట్లోనే నాలుగు సాంచాలు. సాంచాలంటే మా దగ్గర మరమగ్గాలు. అవి నడుస్తుంటే పక్క మనిషికి వినపడాలన్నా అరవాల్సిందే. అందుకని ఐసీయూలో అందరూ గుసగుసలాడుతుంటే నేనొక్కదాన్నే ఆ చివరి మంచానికి కూడా వినపడేలా మాట్లాడేదాన్ని. పెద్ద సిస్టరు నన్ను చూడగానే పెదాల మీద వేలు పెట్టుకునేది. అది ఆమె అలవాటనుకున్నాను గానీ, నా గురించేనని చాలాకాలం తెలియలేదు.

అప్పుడే మల్లాపూర్ దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. ఊరందరికీ ఆయన పటేలు, కాబట్టి మాకూ పటేలే. న్యుమోనియా ముదిరి వెంటిలేటర్ మీదికి వెళ్లాడు. నోటితో తినే వీలు లేదు గనక ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. అందులోంచి పోసే ద్రవాహారం నా బాధ్యత. బరువు చూసి, ఎత్తు చూసి, కాలిక్యులేటరు నొక్కి, మూడు గంటలకోసారి సిరంజితో ఇంత పోయాలని రాసిచ్చాను. పోసేముందు సిస్టరు గొట్టంలోంచి కాస్త వెనక్కి లాగి చూస్తుంది, అంతకుముందు పోసింది కడుపులోంచి కిందికి దిగిందా లేదా అని. మొదట్లో బాగానే దిగింది. తర్వాత దిగడం మానేసింది. నేను పంపింది దాదాపుగా పంపినట్టే తిరిగి వచ్చేది. నేను కాగితం తీసి మళ్లీ లెక్క చూసుకొని అంతా సరిగానే ఉందన్నాను. పెద్ద సిస్టరు సిరంజి నా ముఖం ముందు పెట్టి, "కాయిదం మీద మంచిగనే అరుగుతాంది మేడం, కడుపులనే అరుగుతలేదు" అంది.

నిజం చెప్పాలంటే నాకు అవమానం కన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది. నాలుకకు రుచి తగలకుండా, పంటికి పని పడకుండా, అన్నం వచ్చిందని కడుపుకు ఎవరు కబురు చేస్తారు? ఆయన గాఢమైన మత్తులో ఉన్నాడు, కడుపు కూడా నిద్రపోతోందా? ఇలా అడ్డమైన ప్రశ్నలన్నీ డాక్టరు గారిని అడిగాను. ఆయన ఓపికగా విని, "కడుపుకు గాబరా పెట్టొద్దు. పంపు పెట్టి చుక్క చుక్క పోనియ్యండి, రోజంతా" అన్నారు. ఇలాగే వెనక్కి వస్తే మనిషి నీరసపడిపోతాడని, అప్పుడు హైదరాబాద్ పంపక తప్పదని కూడా అన్నారు. పంపు పెట్టారు. సిరంజిలో వెనక్కి వచ్చేది తగ్గుతూ తగ్గుతూ దాదాపు ఆగిపోయింది. పంపును నేనే కనిపెట్టినట్టు ఆసుపత్రంతా తిరిగాను.

బయట వెయిటింగ్ హాల్లో పటేలు గారి భార్య ఉండేది. తెల్లటి వెంట్రుకలు, పెద్ద బొట్టు, పెద్దింటి ఆడమనిషి నిదానం. రోజూ మధ్యాహ్నం నేను బయటికి రాగానే, "ఆయన తిన్నడా బిడ్డా?" అని అడిగేది. తిన్నాడమ్మా అంటే తల ఊపి వెళ్లిపోయేది. నా డైట్ ప్లాన్ మీద ఆమెకు ఎంత శ్రద్ధో అని మురిసిపోయేదాన్ని. పంపు పెట్టిన రోజు కూడా అడిగింది, అయిపోయిందా అని. నేను ఉత్సాహంగా, ఇప్పుడు మిషను వచ్చిందని, రాత్రీ పగలూ ఆగకుండా పోతూనే ఉంటుందని చెప్పాను. "ఆగనే ఆగదా?" అంది. ఆగనే ఆగదన్నాను గర్వంగా. ఆమె వెళ్లి గోడకు ఆనుకొని కూర్చుంది.

మర్నాటి నుంచి ఒక వింత మొదలైంది. లోపల పటేలు కోలుకుంటున్నాడు, బయట ఆమె వాడిపోతోంది. కొడుక్కి కోరుట్లలో ఎరువుల దుకాణం, రోజూ ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తెచ్చి ఇచ్చి పోయేవాడు. సాయంత్రానికి డబ్బా ఖాళీ. తింటున్న మనిషి ఎందుకు చిక్కిపోతోంది? నాకు కుతూహలం పట్టుకుంటే కూర్చోనివ్వదు. హాల్లో ఒక కన్నేసి ఉంచాను. వాచ్‌మన్ త్రేన్పులు విన్నాకగానీ సంగతి అర్థం కాలేదు. పొట్ట నిమురుకుంటూ ఆయన, పటేలమ్మ ఇంటి పచ్చిపులుసు ముందు ఏదీ పనికిరాదన్నాడు. డబ్బా ఆయనకు ఇచ్చేస్తోందన్నమాట. అడగాలని నేను అటు తిరిగేలోపే ఆమె బెంచీ మీద పక్కకు ఒరిగిపోయింది. చెమటలు, వణుకు. అన్నం మానేసింది గానీ షుగర్ గోలీ మాత్రం వేళకు వేసుకుందట, డాక్టరు చెప్పిందాన్ని కాదనకూడదని. ఒంట్లో షుగరు పడిపోయింది. గ్లూకోజు ఎక్కిస్తే కళ్లు తెరిచింది. ఎందుకమ్మా తినలేదని కొడుకూ నేనూ ఇద్దరం మీద పడ్డాం. ఆమె ఇందులో అడగాల్సిందేముందన్నట్టు చూసింది.

"ఆయన ఇంక తింటనే ఉన్నడు గద బిడ్డా. ఆయన చెయ్యి కడుక్కోకముందు నేనెట్ల తింట?"

ఆగని భోజనం నేనే పెట్టించాను, ఆగదని నేనే గొప్పగా చెప్పాను. కొడుకు బతిమాలాడు, కోపం చేశాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆమె, "పెండ్లయినకాంచి ఒక్కపూట తప్పలే నాయినా. గిప్పుడు ఆయన గట్ల పడి ఉంటె తప్పుతనా? ఏమన్నయితె?" అంది. అది మొండితనం కాదు, భయం. డాక్టరు గారు మాత్రం, ఈమె ఇలాగే ఉంటే రెండో మంచం సిద్ధం చేయాల్సిందేనన్నారు.

ఆ దిగులుతో అమ్మకు ఫోన్ చేశాను. అటునుంచి సాంచాల చప్పుడు, మధ్యలో అమ్మ అరుపు, నేను చెప్పేది సగం ఆమెకు వినపడనే లేదు. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. "కరెంటు పోయింది బిడ్డా, మళ్ల మాట్లాడుత, రెండు ముద్దలు తినొస్త" అని అమ్మ పెట్టేసింది. మా ఇంట్లో అంతే. ఆకలైనప్పుడు కాదు, సాంచాలు ఆగినప్పుడే అన్నం. ఫోన్ చేతిలో పట్టుకొని నేను అక్కడే నిలబడ్డాను. పంపు కూడా ఆగుతుంది కదా! గొట్టం మూసుకుపోకుండా రోజూ కొన్నిసార్లు పంపు ఆపి, సిరంజితో మంచినీళ్లు పోస్తారు. రోజూ చూసేదే, నాకు తట్టలేదు.

మధ్యాహ్నం, చూడడానికి లోపలికి వదిలే వేళకు ఆమెను మంచం దగ్గరికి తీసుకెళ్లాను. సిస్టరు పంపు ఆపింది. అది బీప్ మని ఊరుకుంది. సిరంజితో నీళ్లు పోస్తుంటే, నేను నా సాంచాల గొంతుతో, "అమ్మా, పటేలు తినుడయింది. నీళ్లు తాగుతున్నడు, సూడు" అన్నాను. ఆమె సూటిగా చూసి, చెయ్యి కడుక్కోడా అంది. పెద్ద సిస్టరు మారు మాట్లాడకుండా తడి గుడ్డ తెచ్చి పటేలు కుడిచెయ్యి శుభ్రంగా తుడిచింది. ఆమె ఆ చేతిని ఒకసారి తాకి, బయటికి వెళ్లి, డబ్బా విప్పింది. ఆ పూట వాచ్‌మన్ ముఖం చూడాల్సిందే. ఆరోజు నుంచి అదొక తంతు అయిపోయింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పంపు ఆపడం, నీళ్లు, చెయ్యి తుడవడం, నా కేక. రౌండ్సులో డాక్టరు గారు చూసి ఇదేమిటన్నారు. హ్యాండ్ హైజీన్ సార్ అన్నాను. చాలా మెచ్చుకున్నారు.

పటేలు వెంటిలేటర్ నుంచి బయటపడ్డాడు. పక్కన ఉన్న గదిలోకి మార్చారు. మింగగలుగుతున్నాడో లేదో పరీక్షించి, ఇక నోటితో పెట్టండి, తింటే గొట్టం తీసేద్దాం అన్నారు. నేను రాగిజావ గిన్నె పట్టుకొని పెళ్లికి వెళ్లినట్టు వెళ్లాను. చెంచా నోటి దగ్గరికి తీసుకెళ్తే పటేలు తల తిప్పుకున్నాడు. బొంగురుపోయిన గొంతుతో భార్యను చూసి, "తిన్నవా?" అన్నాడు.

ఆమె బిత్తరపోయింది. ఆ మాట ఆయన నోట ఎప్పుడూ విననట్టుంది. "మీరు తినకముందు నేనెన్నడన్న తిన్ననా?" అంది.

"గదే. నువ్వు తినాల్నని గీ పోరి రోజు మొత్తుకునేది నాకు ఇనపడ్డది. ముందుగాల నువ్వు తిను."

మత్తులో ఉన్నాడనుకున్న మనిషి అంతా విన్నాడు! నా గొంతు అంత దూరం పోతుందని పెద్ద సిస్టరు పెదాల మీద వేలు పెట్టి ఎప్పుడో చెప్పింది. ఇక ఆయన తినడు, ఆమె తినదు. ఆయన తినకపోతే గొట్టం తీయరు. కొడుకు ఇద్దరికీ మధ్య నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, కోపమో సంతోషమో ఆమెకే తెలియదు. జావ చల్లారిపోతోంది. అప్పుడు నాకు ఎందుకు తోచిందో గానీ, మీ ఇంటికి సుట్టం వస్తే ఎవరు ముందు తింటారని అడిగాను. సుట్టమేనని ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

అంతే, స్టూలు లాక్కొని కూర్చొని ఒక చెంచా నోట్లో వేసుకున్నాను. ఎందరికో రాసిచ్చిన జావ, ఉప్పు తక్కువ, చక్కెర లేదు, నేను రుచి చూడడం అదే మొదటిసారి. గోడకు వేసే సున్నం నయం. ఎట్లుందని పటేలు అడిగాడు. మంచిగుందన్నాను. ఆయన మరో చెంచాతో ఒక గుక్క తాగి, నిదానంగా మింగి, నా వైపు చూసి, "పెద్దోళ్లతోటి అబద్ధాలాడొద్దు బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత గిన్నె భార్య వైపు జరిపాడు. ఆమె ఆయన చేతిలోంచి చెంచా తీసుకొని, ఆయన ఇంకా చెయ్యి కడుక్కోకముందే తాగింది.

ఇప్పుడు సిరిసిల్లలోనే పనిచేస్తున్నాను, ఇల్లూ దగ్గరే. నా కింద పనిచేసే పిల్లలకు నాకంటే చదువెక్కువ, గొంతు తక్కువ. రౌండ్సులో నేను రోగి కాగితాలు చూసేముందు, పక్కన ఉన్నవాళ్లను తిన్నారా అని అడుగుతుంటే మర్యాద కోసమనుకుంటారు. జావలో మాత్రం ఉప్పు సరిచూడందే పంపను. ఇంకొకటి వాళ్లకు చెప్పలేదు, చెబితే నవ్వుతారు. ఐసీయూలో పంపు ఆగి బీప్ మంటే వాళ్లందరూ గొట్టం వైపు పరుగెత్తుతారు. నాకు మాత్రం ఆకలేస్తుంది.